వాన పడితే మూసుకునే నెర్రె

కోవిల్‌పట్టి వెళ్తున్నానంటే పల్లీ చిక్కీ తెమ్మంటారు. విరుదునగర్ వెళ్తున్నానంటే పరోటా తినకుండా రావద్దంటారు. మొన్న వేసవిలో నేను రెండు ఊళ్లకూ వెళ్లాను, రెండూ కడుపు నిండా తిన్నాను. వెళ్లింది మాత్రం తిండికి కాదు, ఒక సంతకానికి.

మాది గుంటూరు దగ్గర ప్రత్తిపాడు వైపు. ఏడేళ్లుగా పడమటి కొండల్లో ఉంటున్నాను. చరియలు విరిగిపడిన ఊళ్లలో దెబ్బతిన్న ఇళ్లను మళ్లీ నిలబెట్టే చిన్న బృందం ఒకటుంది, అందులో నేను ఓవర్సీరును. ఇప్పుడున్న ఊరు తేయాకు తోటల పక్కన, వాలు మీద ఉంటుంది. ఏడాదిన్నర కిందట వానల్లో అక్కడ కొండ జారింది. జారిన చోటి అంచున రెండు ఇళ్లుండేవి, రెండింటికీ మధ్య ఒకటే గోడ. తోటలో ముప్ఫై ఏళ్లు కలిసి ఆకు కోసిన ఇద్దరు స్నేహితురాళ్లు పక్కపక్కన స్థలం కొనుక్కుని, ఒక గోడ ఖర్చు తగ్గుతుందని అలా కట్టుకున్నారు. ఒకరు పొన్నుత్తాయి, ఇంకొకరు జక్కమ్మ. పొన్నుత్తాయి ఇంటిని, ఇంట్లో ఉన్న పొన్నుత్తాయిని మట్టి తీసుకుపోయింది. ఆమె కూతురు సెల్వి ఆ పూట తేయాకు ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉండి బతికింది. జక్కమ్మ ఇంటికి ఉమ్మడి గోడ పగిలి, వెనక వంటగది కూలింది. ముందరి రెండు గదులు మాత్రం నిలబడే ఉన్నాయి.

జక్కమ్మ కోవిల్‌పట్టి వైపు నుంచి పెళ్లయి, మొగుడితో తోట పనికి కొండెక్కిన మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది. ఆ వైపు పల్లెల్లో తరాలుగా తెలుగువాళ్లున్నారు, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కొండ జారాక బడిలో పెట్టిన శిబిరంలో ఆమె ఒక కోడిని తిడుతుంటే విన్నాను. "ఓసి నీ మొగం మండ, ఆడ ఏల పోతివి?" అంటోంది. ఆ కొండల్లో నేను ఎదురుగా నిలబడి విన్న మొదటి తెలుగు తిట్టు అది. నన్ను తిట్టినంత సంతోషంగా వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ తర్వాత నలభై రోజులు సాయంత్రం టీ ఆమెతోనే. నలభై ఒకటో రోజు వెళ్తే ఆమె లేదు. ఎవరికీ చెప్పకుండా పల్లానికి వెళ్లిపోయింది. నాకు చాలా కోపం వచ్చింది. అది కోపం కాదు, బెంగ అని ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ ఇంటిని బాగు చేయొచ్చని మేం తేల్చాం. వాలును పరీక్ష చేసిన వాళ్లు ఆ అంచు కింద గట్టి రాయి ఉందని, వాననీళ్లను పక్కకు మళ్లిస్తే భయం లేదని రాసిచ్చారు. ఇంటావిడ సంతకం ఒక్కటే తక్కువ. నెలాఖరులోగా అది రాకపోతే ఇల్లు పడగొట్టేస్తామని పంచాయతీ వాళ్లు చెప్పారు. నేను ఫోను చేస్తే జక్కమ్మ ఎత్తదు. సెల్వి చేస్తే అసలే ఎత్తదు. కాగితం సంచిలో పెట్టుకుని నేనే దిగాను. సంతకం పైకి చెప్పుకునే వంక. ఆమెను బస్సెక్కించి వెంట తెచ్చుకోవాలన్నది లోపలి ఆశ.

విరుదునగర్

కొండ దిగుతుంటే ఒక మలుపులో శాలువా తీశాను, ఇంకో మలుపులో స్వెట్టరు తీశాను. విరుదునగర్ బస్టాండులో దిగేసరికి తీయడానికి ఇంకేమీ మిగల్లేదు. ఎండ నెత్తిన కూర్చుంది.

నాకొక జబ్బుంది. కొత్త ఊరికి వెళ్తే అందరూ గుళ్లు చూస్తారు, నేను గోడలు చూస్తాను. బస్టాండు వెనక వీధిలో ఒక ఇంటి కిటికీ మూల నుంచి ఏటవాలుగా కిందికి దిగిన పగులు కనిపించింది. వేలు పెట్టి లోతు చూస్తుంటే లోపలి నుంచి ఒకావిడ "ఎవరు కావాలి?" అని తమిళంలో అరిచింది. మీ పగులు కావాలి అని చెప్పలేం కదా. తలవంచుకుని పరోటా కొట్టు వైపు నడిచాను.

ఇక్కడ పరోటాను పెనం మీద కాల్చి వదిలేయరు, నూనెలో వేయిస్తారు. అప్పడంలా పెళపెళలాడుతుంది. దాన్ని ఆకులో ముక్కలుగా నలిపి, మీద సాల్నా అనే పల్చటి మసాలా పులుసు పోస్తారు. పరోటా ఒక్కోటి పదిహేను రూపాయలు. సాల్నా ఎంత అడిగితే అంత, దానికి డబ్బుల్లేవు. మా గుంటూరు హోటళ్లలో పులుసు రెండోసారి అడిగితే సర్వరు మన వంశాన్ని మొత్తం ఒకసారి చూస్తాడు. ఇక్కడాయన నేను అడక్కుండానే మూడోసారి పోశాడు. ఆ మూడోది ఆకు దాటి, బల్ల దాటి నా సంచిలోకి కారింది. పంచాయతీ కాగితం ఒక మూల మసాలా రంగు తేలింది. అధికారులకు వాసన పట్టే అలవాటు ఉండకపోతే చాలు అనుకుని తుడిచాను.

జక్కమ్మ గురించి నా దగ్గరున్నది ఒకే చిరునామా, ఆమె తమ్ముడి కూతురు రాజిది. రాజి విరుదునగర్‌లో అద్దెకుంటుంది, శివకాశిలో టపాసుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తెల్లవారుతూనే ఫ్యాక్టరీ వ్యాను వీధి చివరికి వస్తుంది, సాయంత్రం ఆరింటికి అక్కడే దింపుతుంది. నేను ఆ వీధి చివరే కాచుకున్నాను. వ్యాను దిగిన ఆడవాళ్లందరి గోళ్ల చుట్టూ వెండిరంగు పొడి ఉంది. జక్కమ్మ పేరు చెప్పగానే అందులో ఒకామె నా చెయ్యి పట్టుకుంది.

"కొండమీది ఇంజినీరక్కా మీరు? అత్తె సెప్పింది" అంది. ఇంజినీరును కాదని సర్దబోయాను, వినలేదు. ఇంటికి తీసుకెళ్లి, చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకుని, కరుప్పట్టి కాఫీ ఇచ్చింది. తాటిబెల్లం కాఫీ అది. పాలుండవు, నల్లగా, కాస్త పొగవాసనతో ఉంటుంది. మొదటి గుక్క మందులా ఉంది. మూడో గుక్కకి గ్లాసు వదలబుద్ధి కాలేదు.

"అక్కా, మీ తెలుగు నాకు సగమే తెలుస్తాది, కొంజం మెల్లగా మాట్లాడండి" అంటూనే గబగబా తనే మాట్లాడింది. "అత్తె ఊర్లో మా నాయన కాడ ఉండాది. బాగా ఉండాది. అయినా పొద్దున అయిదున్నరకి లేచి వాకిట్లో నిలబడుకుంటాది. ఏమత్తే అంటే, సంగు ఊదుతాదేమో అని సూస్తుండా అంటాది. మా ఊర్లో సంగు ఏడ ఉండాది? అది తోటలో సంగు."

తేయాకు ఫ్యాక్టరీ సైరన్‌ను వీళ్లు సంగు అంటారు. కొండ మీద మేమందరం దాన్ని రోజూ తిట్టుకుంటూ లేస్తాం.

"ఒక్క మాట అక్కా. మలై మాట మాత్రం తీయొద్దండి. తీస్తే ఆ దినమంతా కూడు తినదు" అంది రాజి. మలై అంటే కొండ. నేను తలూపాను. సంచిలో ఉన్న కాగితం నిండా మలై మాటే.

కోవిల్‌పట్టి

మర్నాడు ప్యాసింజరు రైల్లో కోవిల్‌పట్టి. దారంతా కిటికీలో నల్లటి నేల. పత్తి తీసేసిన చేలు, దున్ని వదిలిన చేలు, మధ్యలో అగ్గిపెట్టెల కర్మాగారాల రేకుల కప్పులు. ఆ నేలను చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. మా నల్లరేగడే ఇది. ఏడేళ్లుగా ఎర్రమట్టి, పచ్చటి వాలు చూసి చూసి, నల్లనేల కోసం ఇంత మొహం వాచి ఉన్నానని నాకే తెలియదు.

చిక్కీ కొట్టులో బెల్లం పాకం, పల్లీలు కలిపి పలక మీద పోసి, రోకలిలాంటి కర్రతో పరిచి, రంగు వేసిన కొబ్బరి తురుము చల్లుతున్నారు. మా వైపు చిక్కీ పళ్లకు పరీక్ష పెడుతుంది. ఇది నాలుక మీద పెట్టగానే విరుగుతుంది. జక్కమ్మకని అరకిలో కట్టించాను. బస్సు కదిలేలోపు అందులో పావు నేనే తినేశాను.

బస్సులో నా పక్కన తలపాగా పెద్దాయన ఒకరు కూర్చున్నారు. నేను ఫోనులో మా మేస్త్రీతో తెలుగులో కేకలేయడం విని, ఫోను పెట్టేదాకా ఆగి అడిగారు.

"తల్లీ, మీది ఏ ఊరు? మీ తెలుగు సినిమాలో మాదిరి ఉండాది."

గుంటూరు అని చెప్తే, అక్కడ మిరపకాయ పొడుగుగా ఉంటుందట కదా, అని జాలిగా చూశారు. ఇక్కడి మిరప గుండ్రంగా ఉంటుంది. ఆయన లెక్కలో మిరపకాయ అంటే గుండ్రంగా ఉండాలి, పొడుగువి ఏదో లోపం వల్ల సాగిపోయినవి. మా ఊరి పరువు కోసం కాసేపు వాదించి ఓడిపోయాను. తర్వాత నా పని మాట అడిగాను. ఈ మన్నులో ఇల్లు ఎలా నిలబెడతారు?

"గుంత తీసి, నల్లమన్ను అంతా బయట పారబోసి, ఇసక పోస్తాము. దానిమీద రాయి. కరిసల మన్ను ఊపిరి తీస్తాది తల్లీ. ఎండకి సన్నబడతాది, వానకి ఉబ్బుతాది. దానికి కొంజం సోటు వదలాల. వదల్లే అంటే అదే తీసుకుంటాది."

"మరి ఈ నెర్రెలు?" అన్నాను, చేలో చెయ్యి దూరేంత వెడల్పున తెరుచుకున్న వాటిని చూపిస్తూ.

"అది ఏమి సేస్తాది? ఎండకాలం నోరు తెరుస్తాది, వాన పడితే తానే మూసుకుంటాది. దాన్ని సూసి ఎవురూ బయపడరు" అని నవ్వారు. నేనూ నవ్వాను. చిన్నప్పుడు మా చేలో నెర్రెలో నా చెప్పు పడిపోతే మా నాయనమ్మ కూడా అదే మాట అంది, వానలు పడ్డాక నేలే దాచి పెడుతుందిలే అని.

పుదూరు దారిలో

జక్కమ్మ ఉండే ఊరు కోవిల్‌పట్టి నుంచి పుదూరు వెళ్లే దారిలో, రోడ్డు మీద దిగి రెండు మైళ్లు నడవాలి. ఊరి పేరు రాయొద్దని ఆమె అడిగింది, రాయను. ఆ రెండు మైళ్లలో నా చెప్పు తెగింది. ఆ నేల మీద మధ్యాహ్నం ఒంటికాలి చెప్పుతో నడవడం ఎలా ఉంటుందో అట్ల పెనం మీద నీటిబొట్టును అడగాలి.

ఆమె తమ్ముడి ఇంటి ముందు పందిరి కింద మిరపకాయల తొడిమలు తీస్తోంది. బాగా సన్నబడింది. నన్ను చూసి, పక్కింటి నుంచి వచ్చినదాన్ని చూసినట్టు, "ఎప్పో వస్తివి పాపా? సెప్పు ఏమాయె?" అంది. ఏడాదిగా దాచుకున్న కోపం నాకు ఆ మాటతో ఎక్కడికి పోయిందో తెలియదు. "చెప్పకుండా ఎందుకొచ్చేశావు పెద్దమ్మా?" అని అడగాలని బయల్దేరినదాన్ని, "దారిలో తెగింది" అన్నాను.

మట్టి గిన్నెలో సజ్జ కూడు, చిక్కటి మజ్జిగ, నంజుకోవడానికి మజ్జిగ మిరపకాయలు పెట్టింది. చల్లటి సజ్జ కూడు ఆ ఎండలో గొంతు దిగుతుంటే ఒళ్లంతా నెమ్మదించింది. నేను తింటున్నంతసేపూ ఆమె అడుగుతూనే ఉంది. ఈ ఏడు మంచు ఎప్పటిదాకా ఉంది? రేషను అంగడి పక్క జామచెట్టు కాసిందా? కొత్త చిగురు కోత మొదలుపెట్టారా? ఏనుగులు దిగాయా? మలై మాట తీయొద్దని రాజి నాకు చెప్పింది గానీ, ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. సెల్వి గురించి మాత్రం అడగలేదు. ఇంటి గురించీ అడగలేదు.

ఇంక ఆగలేక కాగితం తీశాను. తీయడమే కాదు, ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇంటి వెనక వాలు మీద అడ్డంగా కాలువ తవ్వుతాం, పైనుంచి వచ్చే నీళ్లన్నీ అందులో పడి పక్క వాగులోకి పోతాయి. వెనక రాతిగోడ కడతాం, మట్టిలో ఊరిన నీళ్లు కారిపోవడానికి అందులో కన్నాలు వదులుతాం. కిటికీల పైన ఇల్లు చుట్టూ ఇనుప కమ్మీలతో కాంక్రీటు పట్టీ వేస్తాం, అప్పుడు నాలుగు గోడలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. సంతకం పెట్టి నాతో వచ్చేయ్ పెద్దమ్మా, అన్నాను.

"వద్దు" అంది. తొడిమలు తీయడం ఆపలేదు.

"భయమా?"

"బయమా, నాకా?"

"మీ తమ్ముడు వద్దంటున్నాడా?"

"వాడు మంచివాడు."

"మరి ఇక్కడేం ఉందని? రోజూ వాకిట్లో నిలబడి సంగు కోసం చూస్తున్నావట కదా! ఆ ఇల్లు పడగొట్టేస్తే తర్వాత ఏడ్చినా రాదు" అన్నాను. నా గొంతు పెరిగింది. కోపం వస్తే నాకు చిన్నాపెద్దా తెలియదు, అది మా ఇంటి వరస. ఆమె చేట పక్కన పెట్టి లేచింది. తన చెప్పులు నా కాళ్ల ముందు పెట్టి, తను ఉత్తకాళ్లతో చేను వైపు నడిచింది.

చేలో

చేను మధ్యలో ఒక నెర్రె దగ్గర కూర్చుంది. "సెయ్యి పెట్టు" అంది. పెట్టాను. మోచెయ్యి దాటి భుజం దాకా పోయింది. లోపల చల్లగా ఉంది.

"ఆడ మా ఇంటి వెనక, పొన్నుత్తాయి ఇంటి వెనక, ఎండకాలంలో ఇట్లా ఒకటి తెరుసుకొనె. ఇంత కూడా లేదు, నా యేలు దూరేంత. పొన్నుత్తాయి బయపడె. ఆపీసులో సెప్పుదామా అక్కా, అనె. నేను నవ్వితిని పాపా. ఓసి పిచ్చిదానా, మా ఊర్లో దీనికన్నా పెద్దవి వేయి ఉండాయి, వాన పడితే అదే మూసుకుంటాది అంటిని. బుట్టతో మన్ను తెచ్చి పోస్తిని. కాలితో తొక్కితిని. మా అమ్మ సేసినట్టు పైన బూడిద సల్లితిని."

ఆమె నెర్రె అంచున మట్టిని గోటితో గీరుతూ ఉంది.

"వాన పడె. మూసుకోవాల కదా? అది మూసుకోలా. నీళ్లు దాంట్లోకే పోయె. ఇంకా తెరుసుకొనె. అప్పుడూ పొన్నుత్తాయి అడిగె. రెండు నాళ్లు సూడు అంటిని. మూడో నాడు నేను రేషను అంగడికి పోతిని. తిరిగి వస్తే ఆ పక్క ఏమీ లేదు."

కొండ వాలు మీద నెర్రె అంటే పైనున్న నేల కిందికి కదలడం మొదలైందని అర్థం. వాన దాన్ని మూయదు, వాననీళ్లు లోపలికి పోవడానికి అదే దారి. నేను ఊరూరా మీటింగులు పెట్టి చెప్పే మొదటి పాఠం అదే. కానీ అది నాకు కొండల్లో పనిచేశాక తెలిసిన సంగతి. అంతకుముందు నా ఇంటి వెనక నేల పగిలి ఉంటే నేనూ మా నాయనమ్మ మాటే చెప్పి ఉండేదాన్ని. నల్లనేల మీద పెరిగినవాళ్లం అందరం అదే చెబుతాం. కొండలో పుట్టిన మనిషి ఎవరూ అలా నవ్వి ఉండరు.

"నువ్వు మన్ను పోయకపోయినా ఆ కొండ జారేది పెద్దమ్మా. బుట్టెడు మన్ను దాన్ని ఆపలేదు, తోయలేదు" అన్నాను. అబద్ధం కాదది.

"మన్ను పోసినదానికి కాదు పాపా" అంది. "నవ్వినదానికి."

ఆ సాయంత్రం రాజి చెప్పినట్టే ఆమె కూడు ముట్టలేదు.

వాన

మర్నాడు నేను తిరుగు బస్సు ఎక్కాల్సింది. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందన్నట్టు మధ్యాహ్నం మూడింటికి ఆకాశం నల్లబడి, గంటన్నరపాటు కుండపోతగా కురిసింది. ఊరంతా పరుగే పరుగు. మిరపకాయలు ఎత్తడానికి నేనూ పరుగెత్తాను. గుండ్రటివైనా పొడుగువైనా, తడిచేతితో మిరపకాయలు ఎత్తి కళ్లు నులుముకుంటే ఏమవుతుందో గుంటూరు మనిషికి ఒకరు చెప్పాలా? అయినా నులుముకున్నాను. జక్కమ్మ తమ్ముడి భార్య నా మొహం మీద మజ్జిగ పోసి పడిపడి నవ్వింది. నిన్నటి నుంచి ఆ ఇంట్లో వినపడ్డ మొదటి నవ్వు అది.

తెల్లారాక జక్కమ్మ నన్ను లేపి మళ్లీ చేలోకి తీసుకెళ్లింది. నేల ఉబ్బి మెత్తగా ఉంది. మొన్న నా చెయ్యి భుజం దాకా మింగిన నెర్రె పెదాలు దగ్గరకు తెచ్చుకుంది. వేలు కూడా దూరడం లేదు. ఆమె దాని మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడింది.

"సూస్తివా? నేను సెప్పింది ఈడ నిజమే" అంది. కళ్లు తుడుచుకోలేదు. "ఈ మన్ను నన్ను ఆడ మోసం సేసె."

కాసేపటికి తనే కాగితం అడిగింది. "ఇల్లు బాగు సేయండి. అయితే నాకు కాదు, సెల్వికి. దానికి ఇల్లు లేదు కదా?"

లేదు. సెల్వి రేకుల షెడ్డులో ఉంటోంది. నేను ఆ మాట రెండు రోజులుగా చెప్పకుండా దాచాను, ఆమెకు ఎలాగో తెలుసు.

"ఒక మాట. సంతకం పెట్టేదానికి ముందు దానికి నిజం సెప్పాల. నేను నవ్వింది, మన్ను పోసింది. విన్నాక కూడా నా ఇల్లు వద్దు అనకపోతే పెడతా."

"నేను పైకి వెళ్లాక నెమ్మదిగా చెప్తాలే పెద్దమ్మా" అన్నాను. పిరికిదాన్ని.

"ఇప్పుడు. నా ముందర."

ఫోను

నిన్నటి వానకు ఆ చేలో సిగ్నలు పోయింది. ఊళ్లోనూ లేదు. సిగ్నలు కోసం బస్సులో కోవిల్‌పట్టి దాకా వచ్చాం. బస్టాండు బయట ఒక బెంచీ మీద కూర్చుని, సెల్వి ఫ్యాక్టరీలో భోజనం బెల్లు కొట్టే టైముకు ఫోను చేసి, స్పీకరు పెట్టాను. సెల్వికి తెలుగు రాదు. తమిళంలో మాట్లాడుకున్నదాన్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

జక్కమ్మ చెప్పమన్నట్టే చెప్పాను. నెర్రె, నవ్వు, బుట్టెడు మన్ను, రెండు రోజులు ఆగమనడం. తగ్గించలేదు, జక్కమ్మ తగ్గించనివ్వదు. చెప్పి ఆగాను. ఫోను కట్టయిందేమో అని చూశాను. కాలేదు.

"అక్కా, ఆ మట్టి బుట్టల్లో ఒకటి నేనే మోశాను" అంది సెల్వి. "అత్తై మీకు చెప్పలేదా? వాన మొదలయ్యాక అమ్మ నన్ను పంచాయతీ ఆఫీసుకు వెళ్లి చెప్పి రమ్మంది. వెళ్తే పూట జీతం పోతుంది. అత్తై మూసుకుంటుందని చెప్పింది కదా, నువ్వెందుకు కంగారు పడతావ్ అని అమ్మ మీద అరిచి డ్యూటీకి పోయాను. నాకు ఆ మాట సాకుగా దొరికింది. నేను ఆఫీసుకు పోలేదని అత్తైకి తెలిసిపోయిందనుకున్నాను. అందుకే నా మొహం చూడలేక పల్లానికి వెళ్లిపోయిందనుకున్నాను. ఫోను ఎత్తకపోతే అందుకే అనుకున్నాను."

నా పక్కన జక్కమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడాదిన్నర ఇద్దరూ చెరో చోట కూర్చుని ఒకే బరువును ఎవరికి వారే మోశారు. నాకు ఏడుపు ఆగలేదు. బస్టాండులో జనం చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను.

జక్కమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. నోటి దగ్గర పెట్టుకుంది.

"సాప్టియా?" అంది. తిన్నావా అని.

"ఇంకా లేదు అత్తై."

"గంట ఒకటిన్నరాయె. ముందు పోయి తిను" అని తమిళంలోనే గదమాయించింది. గదమాయించడం అయ్యాక కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత ఆ బెంచీ మీదే సంతకం పెట్టింది. ఆమెకు తెలుగు రాయడం రాదు. తమిళ అక్షరాల్లో, ఒక్కో అక్షరానికి ఒకసారి ఆగుతూ రాసింది. నేను నా ఆశ బయటపెట్టాను. రెండు టికెట్లు కొననా పెద్దమ్మా, అన్నాను.

"వద్దు పాపా. ఎండకాలంలో వచ్చి ఏమి సూసేది? ఎండలో కొండ బాగానే ఉంటాది. నువ్వు సెప్పిన కాలవ వానలో ఎట్లా పోతాదో తెలియాల. ఒక వాన పూర్తిగా పోనీ. సెల్వి ఆ ఇంట్లో పండుకొని లేవనీ. అప్పుడు సెప్తా."

నేను ఒక్కదాన్నే బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే ఆమె బెంచీ దగ్గరే నిలబడి, నేను కొనిచ్చిన మిగతా చిక్కీ పొట్లం పట్టుకుని, బస్సు వైపు కాదు, బస్సు వెళ్లే వైపు చూస్తోంది. వెంట రమ్మని ఇంకొక్కసారి అడిగి ఉండాల్సిందని, దారిలో వచ్చే సాత్తూరు దాకా అనుకుంటూనే ఉన్నాను.

కొండ మీద

పని నెలన్నరలో అయింది. కాలువ తవ్వాం, రాతిగోడ కట్టాం, పట్టీ పోశాం. కూలిన వంటగది జోలికి పోలేదు, ముందు గదిలోనే ఒక మూల పొయ్యి పెట్టాం. సెల్వి రెండు గదుల్లో ఒకదానిలో చేరింది. రెండోది తుడిచి ఖాళీగా ఉంచింది.

వానలు మొదలైన రోజు నేను అక్కడే ఉన్నాను. సెల్వి గొడుగు వేసుకుని ఇంటి వెనక్కి పోయింది. కాలువ నిండుగా, గోధుమరంగు నీళ్లతో చప్పుడు చేస్తూ పక్క వాగులోకి పోతోంది. రాతిగోడ కన్నాల్లోంచి సన్నగా ధారలు కారుతున్నాయి. సెల్వి జక్కమ్మకు ఫోను చేసింది. ఈమధ్య మొదటి రింగుకే ఎత్తుతోంది. సెల్వి కాలువ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఫోను స్పీకరు పెట్టి నీళ్ల మీదికి చాచింది.

అటువైపు జక్కమ్మ ఊపిరి మాత్రమే వినిపిస్తోంది. ఆమె ఉన్నచోట ఆ పూట కూడా ఎండేనట. ఐదు నిమిషాలు అయింది, పది అయింది. సెల్వి ఫోను చెయ్యి మార్చుకుంది. నేను అందుకోబోతే ఇవ్వలేదు.

"అత్తై, చాలా?" అని అడిగింది.

"ఇంకా కొంజం సేపు" అంది జక్కమ్మ. "అట్లే పట్టుకో."